గోదారి ఊళ్లలో జనం తగ్గుతున్నారంటే అసలేం జరుగుతున్నట్టు?

ముక్కనుమ సాయంత్రానికి మా ఊరు ఖాళీ అయిపోతుంది. అరిసెల డబ్బాలు, ఆవకాయ సీసాలు, వలిచిన కొబ్బరికాయల బస్తాలు డిక్కీల్లో సర్దుకుని కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి కాలవ గట్టు మీదుగా రావులపాలెం వైపు కదులుతాయి. వీధి చివరి దాకా వచ్చి చెయ్యి ఊపిన పెద్దవాళ్లు మళ్లీ ఇళ్లల్లోకి వెళ్లి కూర్చుంటారు. ఈ సంక్రాంతికి అలా అందరూ వెళ్లిపోయాక మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ ఇళ్లు లెక్కపెట్టాను. మొత్తం ముప్పై ఒకటి. తొమ్మిదింటికి తాళం. పన్నెండు ఇళ్లల్లో ఉన్నవాళ్లంతా అరవై దాటినవాళ్లే, అందులోనూ ఐదిళ్లల్లో ఒక్కొక్కరే మనిషి. బడికి వెళ్లే పిల్లలు వీధి మొత్తం మీద ఏడుగురు. నా చిన్నప్పుడు మా ఒక్క పెంకుటింట్లోనే అంతమందిమి ఉండేవాళ్లం.

గోదావరి జిల్లాల్లో ఎక్కడ ఈ మాట ఎత్తినా వెంటనే వచ్చే జవాబు ఒకటే: "ఇప్పుడెవరు కంటున్నారండీ పిల్లల్ని!" ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 అక్టోబరులో ఎక్కువమంది పిల్లల్ని కనమని చెప్పాక ఈ చర్చ రచ్చబండల నుంచి వాట్సాప్ గ్రూపుల దాకా పాకింది. నాకు మాత్రం ఈ చర్చ విన్నప్పుడల్లా మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే మూటలో కట్టేస్తున్నాం అనిపిస్తుంది. పుట్టుకలు తగ్గడం ఒకటి. పుట్టినవాళ్లు వెళ్లిపోవడం ఇంకొకటి. ఏ హద్దు లోపల, ఏ రోజున, ఎవర్ని లెక్కేస్తున్నాం అన్నది మూడోది. ఈ మూడింటినీ విడదీసి చూడకపోతే రోగం ఒకటి, మందు ఇంకొకటి అవుతుంది, అదే నా బాధ.

ముందు అంకెలు చూద్దాం. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా జనాభా 38 లక్షల 3 వేలు. 2011కి 39 లక్షల 37 వేలు. అంటే పదేళ్లలో పెరిగింది ఒక లక్షా 33 వేల మంది, మూడున్నర శాతం. తూర్పు గోదావరి 49 లక్షల నుంచి 51 లక్షల 54 వేలకి వెళ్లింది, అయిదు శాతం చిల్లర. అదే పదేళ్లలో దేశ జనాభా 17.7 శాతం పెరిగింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 11 శాతం పెరిగింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌గా మిగిలిన పదమూడు పాత జిల్లాల్లో అందరికంటే తక్కువ పెరిగింది పశ్చిమ గోదావరే, అందరికంటే ఎక్కువ పెరిగింది కర్నూలు, దాదాపు 15 శాతం. నీళ్లున్న చోట జనం ఆగిపోయారు, నీళ్లకి కటకటలాడే చోట పెరిగారు. చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్నదానికి ఇది తలకిందులు.

ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. జిల్లాల జనాభా తగ్గలేదు, పెరిగింది, కాకపోతే చాలా నెమ్మదిగా. "గోదావరి జిల్లాల్లో జనాభా పడిపోయింది" అని రాసేవాళ్లు ఈ తేడా మర్చిపోతున్నారు. నిజంగా పడిపోయిన జిల్లాలు చూడాలంటే కేరళ వెళ్లాలి, అక్కడ పత్తనంతిట్టలో 2001 నుంచి 2011 లోపు మూడు శాతం, ఇడుక్కిలో రెండు శాతానికి కొంచెం తక్కువ జనం తగ్గారు. మన పశ్చిమ గోదావరి ఆ గట్టుకి ఇవతల మూడున్నర అడుగుల దూరంలో ఆగి ఉంది. అదీ 2011 నాటి మాట. 2021లో జరగాల్సిన లెక్కలు జరగలేదు కాబట్టి పద్నాలుగు పదిహేనేళ్లుగా మనం పాత అంకెల మీదే మాట్లాడుకుంటున్నాం, మధ్యలో 2022 ఏప్రిల్‌లో రెండు జిల్లాలు అయిదయ్యాయి కూడా.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ మూడున్నర శాతం పిల్లల్ని తక్కువ కనడం వల్ల వచ్చిందా, వలస వల్ల వచ్చిందా? దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు, కాగితం మీద కూడికలు తీసివేతలు చాలు. ఆ రోజుల్లో రాష్ట్రం మొత్తం మీద ఏడాదికి ప్రతి వెయ్యి మందికి 18, 19 మంది పుడుతుంటే ఏడుగురు పైచిలుకు చనిపోయేవారు. అంటే వెయ్యికి పదకొండు మంది చొప్పున పెరగాలి. డెల్టాలో పుట్టుకలు ఇంకా తక్కువ, పెద్ద వయసువాళ్లు ఎక్కువ అనుకుని ఆ పదకొండుని తొమ్మిదికి దించుదాం. అయినా పదేళ్లలో తొమ్మిది శాతం పెరగాలి, అంటే పశ్చిమ గోదావరిలో మూడు లక్షల నలభై వేల మంది. పెరిగింది లక్షా ముప్పై మూడు వేలు. మిగతా రెండు లక్షల మంది ఏమయ్యారు? పుట్టారు, పెరిగారు, పదో తరగతో ఇంజినీరింగో చదివారు, వెళ్లిపోయారు. ఇది నా ఉజ్జాయింపు లెక్కే, ఆ తొమ్మిదిని ఎనిమిది చేసినా పదిచేసినా కొంచెం అటూ ఇటూ అవుతుంది తప్ప దారి మారదు. తూర్పు గోదావరికి ఇదే లెక్క వేస్తే ఇంచుమించు అంతే మంది తేలతారు. పుట్టుకలు తగ్గడం వల్ల పెరుగుదల నెమ్మదించింది, అది నిజం, కానీ దాన్ని అట్టడుక్కి దించింది మాత్రం వలస.

డెల్టా ఇలా వెలితి పడటం ఇదే మొదటిసారి కూడా కాదు, ఈ సంగతి మనవాళ్లకి పెద్దగా గుర్తుండదు. 1821లో అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. ఇరవై ఏళ్ల తర్వాత, 1841లో, 5 లక్షల 61 వేలు. నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. 1830ల్లో కరువు, వరసగా తుపాన్లు, 1839లో కోరంగి రేవుని ముంచేసిన ఉప్పెన, ఇంగ్లండు మిల్లు గుడ్డ వచ్చి పడి మన నేతగాళ్ల మగ్గాలు మూలపడటం, వీటన్నిటి మీద శిస్తులు. పక్కనే నిండు గోదారి సముద్రంలోకి పోతుంటే ఒడ్డున జనం ఆకలితో చచ్చారు, మిగిలినవాళ్లు ఊళ్లు వదిలారు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852కి ఆనకట్ట పూర్తయ్యాకే కథ తిరిగింది. 1891 నాటికి గోదావరి జిల్లా జనాభా ఇరవై లక్షలు దాటింది. మధ్యలో జిల్లా హద్దులు మారాయి కాబట్టి పాత అంకెతో నేరుగా పోల్చకూడదు, కానీ ఎంత మంది వచ్చి చేరారో ఊహించుకోవచ్చు. కాటన్ దొర విగ్రహం మా వైపు ఊరూరా ఎందుకుంటుందో బయటివాళ్లకి అర్థం కావాలంటే ఈ రెండు అంకెలు చాలు. ఇవాళ "మేం తరతరాలుగా ఇక్కడివాళ్లం" అనుకునే కుటుంబాల్లో చాలా భాగం ఆ కాలవల వెంట వచ్చి స్థిరపడినవాళ్లే.

అలా నిండిన డెల్టా నిండిన వెంటనే మళ్లీ మనుషుల్ని బయటికి పంపడం మొదలుపెట్టింది. కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లారు, మా తాతల కాలంలో దాన్ని రంగం వెళ్లడం అనేవారు, బర్మాలో మనవాళ్లకి కోరంగీలన్న పేరే పడిపోయింది. నిజాంసాగర్ కింద భూములు కొనుక్కుని నిజామాబాద్ వైపు వెళ్లినవాళ్లు, తుంగభద్ర కింద గంగావతి, సింధనూరు చుట్టూ క్యాంపులు కట్టుకున్నవాళ్లు ఆ తర్వాతి తరం. ఆపైన హైదరాబాద్, దాని పైన గల్ఫ్, అమెరికా. అంటే వెళ్లడం మా నేలకి కొత్త కాదు. కొత్తేమిటంటే, అప్పట్లో ఒక ఇంట్లో అయిదుగురు కొడుకులుంటే ఇద్దరు వెళ్లేవారు, ముగ్గురు ఉండేవారు. ఇప్పుడు ఉన్నదే ఒకడు.

పుట్టుకల సంగతి సరిగ్గా ఇక్కడే వచ్చి కలుస్తుంది. ఒక తరం తన సంఖ్యని తాను నిలబెట్టుకోవాలంటే సగటున ఒక తల్లికి 2.1 మంది పిల్లలు కావాలంటారు. ఇద్దరు తల్లిదండ్రుల స్థానంలో ఇద్దరు, ఆ పాయింట్ వన్ ఏమో పెద్దవకుండానే పోయే పిల్లల కోసం, ఆడపిల్లలు కాస్త తక్కువ పుట్టడం వల్ల. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ సగటు 2.6. 2005-06 సర్వే వచ్చేసరికి 1.8. 2019-21 సర్వేలో 1.7. దేశం మొత్తం ఈ మధ్యే 2.0కి వస్తే మనం ఆ గీత దాటి ఇరవై ఏళ్లు పైనే అయింది.

ఎందుకిలా? చాలామంది చదువుకున్న ఆడవాళ్లు ఆలస్యంగా పెళ్లి చేసుకోవడం వల్ల అంటారు. నిజానికి మన రాష్ట్రంలో పెళ్లిళ్లు పెద్ద ఆలస్యమేం కావు. మా ఊళ్లో ఆడపిల్లకి ఇరవై ఇరవై ఒకటికి పెళ్లి, ఇరవై ఐదులోపు ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుతోనే ఆపరేషన్. మొన్నటి సర్వే ప్రకారం రాష్ట్రంలో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, దేశంలో ఇంకెక్కడా లేనంత ఎక్కువ. మగవాళ్ల వంతు లెక్కలోకే రాదు. కుటుంబ నియంత్రణ గుర్తైన ఎర్ర త్రికోణం గోడల మీద గీసిన రోజుల నుంచి ఇంటింటికీ తిరిగిన ఏఎన్ఎంలు ఒక కారణం. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ముగ్గురు పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన ఇంకో కారణం, దాన్ని 2024 నవంబరులో అసెంబ్లీ తీసేసింది. కానీ నన్నడిగితే అసలు కారణం భూమి. ఎకరం లక్షల్లోంచి కోట్ల వైపు వెళ్తుంటే, ఉన్న రెండెకరాలూ నలుగురికి పంచితే ఎవరికీ ఏమీ మిగలదని డెల్టా రైతు మిగతా వాళ్లకంటే ముందే లెక్క వేసుకున్నాడు. దానికి కట్నాల భయం తోడైంది, ఇంగ్లీషు మీడియం ఫీజులు, కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లు తోడయ్యాయి. మా నాన్నగారి తరంలో పిల్లాడంటే పొలానికి ఒక చెయ్యి. ఇప్పుడు పిల్లాడంటే ఇరవై రెండేళ్ల ఖర్చు, ఆపైన ఒక వీడియో కాల్.

పిల్లలు తగ్గిన వెంటనే జనాభా తగ్గదు, ఇది కూడా చెప్పుకోవాలి. పైన లాకులు మూసినా దిగువ కాలవలో నీళ్లు కొన్నాళ్లు పారుతూనే ఉంటాయి కదా, అలాగ. ముందు తరంలో పుట్టిన బోలెడంతమంది పెద్దవాళ్లయి పిల్లల్ని కనే వయసులో ఉంటారు కాబట్టి ఒక్కొక్కరూ ఇద్దర్నే కన్నా మొత్తం మీద పుట్టుకలు చావుల కంటే ఎక్కువే ఉంటాయి, పాతిక ముప్పై ఏళ్లు ఆ నీరు పారుతుంది. రాష్ట్రం మొత్తానికి జరిగింది అదే. కానీ మా ఊళ్లల్లో ఆ నీరు దిగువకి రాకముందే పక్క కాలవలోకి మళ్లింది. పిల్లల్ని కనే వయసువాళ్లే హైదరాబాద్ వెళ్లారు, కాబట్టి వాళ్ల పిల్లలు కూడా కూకట్‌పల్లిలోనే పుట్టారు. వలస వెళ్లినవాడు ఒక్కడుగా వెళ్లడు, పుట్టబోయే ఇద్దర్ని వెంటేసుకుని వెళ్తాడు. అందుకే ఒకే 1.7 సగటు కింద ఒక ఊరు కళకళలాడుతుంది, ఇంకో ఊళ్లో బడి మూతపడుతుంది.

వెళ్లేవాళ్లంతా ఒకే కారణానికి వెళ్లరు, ఒకే చోటికీ వెళ్లరు. భూమి ఉన్న ఇళ్ల పిల్లలు ఇంజినీరింగ్ చేసి హైదరాబాద్, బెంగళూరు, అక్కణ్నుంచి టెక్సాస్. సెంటు భూమి లేని ఇళ్ల నుంచి, ముఖ్యంగా దళిత, బీసీ ఇళ్ల నుంచి, ఆడవాళ్లు కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్లల్లో పనికి. నర్సాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఇళ్లు చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. లేసు మిషనరీల కాలం నుంచి ఉన్న పని, ఈ మధ్యే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, కానీ రోజంతా వంగి కూర్చుని అల్లితే వచ్చే డబ్బుకీ గల్ఫ్ జీతానికీ పోలికే లేదు. చంటిపిల్లని అమ్మమ్మ దగ్గర వదిలి విమానం ఎక్కిన తల్లి నిర్ణయాన్ని తప్పు పట్టే హక్కు మనలో ఎవరికీ లేదు.

మరి పొలం ఎందుకు పట్టి ఉంచలేకపోయింది? మూడు పంటలు పండే నేల అని పేరు, సార్వా (ఖరీఫ్ వరి), దాళ్వా (రబీ వరి) రెండూ చేసి మధ్యలో మినుములు చల్లుకునే నేల. కానీ చేసేది ఎక్కువగా కౌలు రైతులు, యజమాని హైదరాబాద్‌లో. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు సార్వా వెయ్యమని పంట విరామం ప్రకటించారు, దేశం మొత్తం ఇటు చూసింది. గిట్టుబాటు ధర లేదు, కూలి రేట్లు పెరిగాయి, మురుగు కాలవలు పూడిపోయి ప్రతి వానకీ చేలు మునుగుతున్నాయి, ఇవీ వాళ్లు చెప్పిన కారణాలు, ఇవాళ అడిగినా ఇవే చెబుతారు. భీమవరం వైపు 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చి వరి చేలు చెరువులయ్యాయి. డబ్బు వచ్చింది, కాదనను. కానీ ఎకరం వరికి ఊడ్పులకి, కలుపుకి, కోతకి ఎంతమంది కావాలో, ఎకరం చెరువుకి ఎంతమంది కావాలో పక్కపక్కన పెట్టి చూడండి. చెరువుకి మేత వేసేవాడు ఒకడు, రాత్రి ఏరేటర్లు చూసుకునేవాడు ఒకడు, వాళ్లే పదెకరాలు చూసేస్తారు. మిగతా చేతులు ఊరు వదలక ఏం చేస్తాయి? కొబ్బరి తోటల్లో అయితే దీనికి పూర్తిగా తిరగబడిన కష్టం, దింపు తీసేవాళ్లు దొరకడం లేదు. మా తోటలో రెండు నెలలకొకసారి తీయాల్సిన దింపు పోయిన ఏడాది మూడున్నర నెలలు ఆగింది, కాయలు వాటంతటవే రాలి గడ్డిలో మొలకలొచ్చాయి. పనుంటే మనుషుల్లేరు, మనుషులుంటే పనిలేదు, రెండూ ఒకే మండలంలో.

ఇంక మూడో సంగతికి వస్తాను, హద్దులు. పెద్ద నగరాల్లో జనాభా తగ్గిందని వార్త వచ్చినప్పుడు కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. 2001, 2011 మధ్య ముంబయి పాత నగరం, అంటే దక్షిణాన ఉన్న ఐలాండ్ సిటీ జిల్లా, 33 లక్షల 38 వేల నుంచి 30 లక్షల 85 వేలకి పడిపోయింది. కోల్‌కతా కార్పొరేషన్ 45 లక్షల 73 వేల నుంచి 45 లక్షల లోపుకి జారింది. అవి చచ్చిపోతున్న నగరాలా? కాదు. మధ్యలో ఉన్న ఇళ్లు ఆఫీసులయ్యాయి, మిల్లులు మూతపడ్డాయి, అద్దెలు పెరిగాయి, జనం అంచులకి జరిగారు. మనకి తెలిసిన ఊరే చెప్పుకుందాం. హైదరాబాద్ జిల్లా ఆ పదేళ్లలో పెరిగింది మూడు శాతం, అంటే మన పశ్చిమ గోదావరి కంటే కూడా తక్కువ! పక్కనే ఉన్న రంగారెడ్డి 48 శాతం. మన గోదావరి కుర్రాళ్లు "హైదరాబాద్" వెళ్లారంటే జనాభా లెక్కల్లో వాళ్లు వెళ్లింది ఎక్కువగా రంగారెడ్డికి. జిల్లా హద్దు ఒకటి అటూ ఇటూ గీస్తే ఒకే నగరం పెరుగుతున్నట్టూ కనిపిస్తుంది, ఆగిపోయినట్టూ కనిపిస్తుంది.

మన రాజమండ్రిలోనూ చిన్న స్థాయిలో ఇదే చూడొచ్చు. దానవాయిపేటలో నేను కాలేజీ రోజుల్లో అద్దెకున్న వీధిలో అప్పుడు అన్నీ కాపురాలే, ఇప్పుడు కింద మందుల షాపు, పైన స్కానింగ్ సెంటరు, ఎదురుగా ఆసుపత్రి. పగలు కాలు పెట్టే చోటుండదు, రాత్రి పదకొండుకి ఆ వీధిలో నిద్రపోయే మనిషి ఉండడు. జనాభా లెక్క నిద్రపోయే చోటుని బట్టి వేస్తారు కాబట్టి ఆ వీధి "ఖాళీ" అవుతుంది. ఆ కాపురాలన్నీ హుకుంపేట, బొమ్మూరు, మోరంపూడి, కాతేరు వైపు అపార్టుమెంట్లకి వెళ్లాయి. నగరం మధ్యలో జనం తగ్గడం, మా ఊళ్లో జనం తగ్గడం అంకెల్లో ఒకేలా కనిపిస్తాయి, కానీ రెండూ ఒకటి కాదు. దానవాయిపేటలో సందడి పెరిగింది, నిద్ర తగ్గింది. మా వీధిలో రెండూ తగ్గాయి.

హద్దులాగే తారీఖు కూడా ముఖ్యం. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇంటింటికీ తిరిగి, మార్చి 1 నాటికి లెక్క తేల్చారు. ఆ రోజుల్లో దేశంలో లేనివాళ్లని లెక్కలోకి తీసుకోరు, సాధారణంగా ఎక్కడ నివాసం ఉంటారో అక్కడే రాస్తారు. కాబట్టి కువైట్‌లో ఉన్న తల్లి లెక్కలో లేదు, డాలస్‌లో ఉన్న కొడుకు లెక్కలో లేడు. అదే లెక్క భోగి నాడు రాత్రి తీస్తే కోనసీమలో ఏ అంకె వస్తుందో నాకు ఊహించడానికే సంతోషంగా ఉంటుంది. మా పెద్దమ్మనే తీసుకోండి. ఇంట్లో ఎంతమంది అని ఎవరడిగినా "ఆరుగురం నాయనా" అంటుంది. పెద్దన్నయ్య, వదిన, వాళ్ల పాప మియాపూర్‌లో, చిన్నన్నయ్య మస్కట్‌లో, అక్క పెళ్లయి వెళ్లినా ఆమె లెక్కలో ఇంటి మనిషే. పొద్దున ఒక గ్లాసు బియ్యం పోస్తుంది, మధ్యాహ్నానికీ రాత్రికీ అదే.

ఇదంతా ఊరికే బాధ పడటానికి చెప్పుకునే సంగతైతే ఇంత రాయనక్కర్లేదు. జనాభా అంకెని బట్టి అధికారం కదులుతుంది. 2001 లెక్కల ఆధారంగా 2008లో అసెంబ్లీ నియోజకవర్గాలు తిరిగి గీసినప్పుడు రాష్ట్రంలో మొత్తం సీట్లు 294గానే ఉన్నాయి, కానీ తూర్పు గోదావరికి 21 ఉన్నవి 19 అయ్యాయి, పశ్చిమకి 16 ఉన్నవి 15 అయ్యాయి. అల్లవరం, నగరం, ఆలమూరు, పెనుగొండ, అత్తిలి పేర్లు నియోజకవర్గాల జాబితాలోంచి పోయాయి. కొత్తగా వచ్చినవాటిలో ఏమున్నాయి? రాజమండ్రి రూరల్, కాకినాడ రూరల్. జనం కోనసీమ ఊళ్ల నుంచి, పశ్చిమ డెల్టా ఊళ్ల నుంచి నగరాల అంచులకి జరిగినట్టు ఆ పేర్లే చెప్పేశాయి, మనమే చదువుకోలేదు. లోక్‌సభలో రాష్ట్రాల వాటా ఇంకా 1971 లెక్కల మీదే ఆగి ఉంది, 2026 తర్వాత వచ్చే మొదటి జనాభా లెక్కల దాకా అలాగే ఉంచాలని 2002 రాజ్యాంగ సవరణ. ఆ గడువు ఇప్పుడు ముంగిట్లోకి వచ్చింది. కుటుంబ నియంత్రణ మాట విన్నందుకు దక్షిణాది సీట్ల వాటా తగ్గుతుందా అని చర్చ జరుగుతోంది కదా, దాని చిన్న రూపం మా జిల్లాల్లో 2008లోనే జరిగిపోయింది. డబ్బు సంగతీ అంతే. రాష్ట్రాలకి కేంద్ర పన్నుల్లో ఎంత వాటా ఇవ్వాలో తేల్చే పదిహేనో ఆర్థిక సంఘం 2011 జనాభాని లెక్కలోకి తీసుకుంది, పుట్టుకలు తగ్గించుకున్న రాష్ట్రాలకి 12.5 శాతం తూకం వేరుగా ఇచ్చింది కూడా, అయినా కేంద్ర పన్నుల్లో ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 నుంచి 4.047 శాతానికి తగ్గింది. రాష్ట్రం ఆదాయం లాంటి వేరే కారణాలూ అందులో ఉన్నాయి, జనాభా ఒక్కటే కాదు.

ఇప్పుడు ఎక్కువమందిని కనమనే సలహా గురించి నా మాట చెబుతాను. ఈ ఏడాది పుట్టిన బిడ్డ పనిలోకి వచ్చేసరికి 2048 దాటుతుంది. అప్పటికి ఆ బిడ్డ మా ఊళ్లోనే ఉంటాడని నమ్మకం ఏమిటి? పుట్టినవాళ్లు నిలబడని చోట ఇంకో ఇద్దరు పుడితే ఇంకో ఇద్దరు వెళ్తారు, అంతే. పైగా మొన్నటి దాకా రెండో కాన్పుకే ఆపరేషన్ చేయించుకోమని ఇంటింటికీ వచ్చి చెప్పిన వ్యవస్థే ఇప్పుడు మూడో బిడ్డ మాట చెబితే, రెండు సార్లూ బరువు మోసేది అదే ఆడది. ముగ్గురు కావాలనుకున్నవాళ్లు కనొచ్చు, పోటీకి అడ్డుగా ఉన్న నిబంధన తీసేయడం కూడా మంచిదే, ఒకరి కాన్పుల్ని బట్టి ఓటర్ల ముందు నిలబడే హక్కు తీసేయడం మొదటి నుంచీ తప్పు. కానీ దానితో మా వీధి నిండుతుందని చెబితే నమ్మను.

నిండాలంటే చూడాల్సింది ఇప్పుడు ఉన్నవాళ్ల వైపు. 2011లోనే రాష్ట్రంలో పదిమందిలో ఒకరు అరవై దాటినవాళ్లు, వయసువాళ్లు వెళ్లిపోయిన డెల్టా ఊళ్లల్లో ఆ వంతు ఎంత పెద్దదో మా వీధి చూస్తే చాలు. పోయిన శ్రావణంలో పక్కింటి మామ్మగారు రాత్రి రెండింటికి బాత్రూములో జారిపడితే, ఆమెని లేపి కారెక్కించడానికి వీధిలో బరువెత్తగలిగిన మగవాళ్లం ఇద్దరం దొరికాం. అందులో నాకు నడుం నొప్పి. కొడుకు అమెరికా నుంచి ఫోన్లో ఉన్నాడు, పాపం ఏడుస్తున్నాడు, డబ్బు ఎంతైనా పంపుతానంటున్నాడు, మనిషిని మాత్రం పంపలేడు కదా. దీనికి మందు మూడో బిడ్డ కాదు. రాత్రి పూట డాక్టరు ఉండే ఆసుపత్రి, సాయంత్రం ఆరు తర్వాత కూడా తిరిగే బస్సు, పెద్దవాళ్లని చూసుకునే పనికి మంచి జీతం, ఆ పనిని నేర్పే చోటు. గల్ఫ్ వెళ్లి పరాయివాళ్ల పెద్దల్ని చూసుకుంటున్న మా ఊరి ఆడవాళ్లకి ఆ పని ఎలా చెయ్యాలో వచ్చు, ఇక్కడ దానికి తగిన డబ్బు లేదు, అంతే తేడా. కాకినాడ, అమలాపురం, నర్సాపురం కలిపే రైలు మార్గం గురించి మా నాన్నగారి కుర్రతనం నుంచి వింటున్నాం, గోదావరి పాయల మీద వంతెనల స్తంభాలు కనిపిస్తున్నాయి కానీ రైలు రాలేదు. రోజూ వెళ్లి వచ్చే దారి ఉంటే ఇల్లు మార్చక్కర్లేదు, ఇంత చిన్న సంగతి.

ఇంకొకటి, మనం చూసీ చూడనట్టు వదిలేస్తున్నది. డెల్టాకి కొత్త మనుషులు అప్పుడే వస్తున్నారు. ఊడ్పులకి బెంగాల్, బీహార్ నుంచి ముఠాలు వస్తున్నాయి, మనవాళ్లు వదిలేసిన తాడు పట్టుకుని నారు వేస్తున్నాయి. రొయ్యల చెరువుల దగ్గర రేకుల షెడ్లల్లో ఒడిశా కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. మా ఊరి శివారు చెరువు గట్టున ఒక షెడ్డుంది, పదకొండు నెలలుగా అందులో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉంటున్నారు. పెద్దపాపకి ఎనిమిదేళ్లుంటాయి. పిల్లల్లేక మా ఊరి ప్రాథమిక పాఠశాలని పక్క ఊరి బడిలో కలిపేస్తారేమోనని అందరికీ టెన్షన్, ఆ పాప ఏమో పొద్దున్నే చెరువు గట్టున కొంగల్ని తోలుతూ ఉంటుంది, షెడ్డుకి బడికి మధ్య దూరం అర కిలోమీటరు. చేర్చుకోమని అడిగితే హెడ్మాస్టరు గారు సరేనన్నారు, ఆధార్ ఇక్కడిది కాకపోయినా చేర్చుకోవచ్చని ఆయనే చెప్పారు. వాళ్ల నాన్నకే ఎన్నాళ్లుంటామో తెలియదని సందేహం. కాలవలు తవ్విన కొత్తలో మా ముత్తాతలు ఈ గట్టున గుడిసె వేసుకున్నప్పుడు వాళ్లకీ అదే సందేహం ఉండి ఉంటుంది.

వచ్చే లెక్క 2027 మార్చి 1 నాటిది. ఆ ఫిబ్రవరిలో ఎన్యూమరేటరు మా వీధిలోకి వచ్చి మా పెద్దమ్మ గుమ్మం ముందు ఆగి ఇంట్లో ఎంతమంది అని అడిగితే ఆమె ఆరుగురం అనే చెబుతుంది, ఆయన ఒకటి రాసుకోవాలి. తర్వాత బండి తిప్పుకుని వెళ్లిపోకుండా చెరువు గట్టు మీద అర కిలోమీటరు ముందుకి వెళ్తే, ఆ షెడ్డు దగ్గర నాలుగు రాసుకోవాలి.